పిల్లల చేతికి సస్పెన్స్ నవల, మాయల నవల: ఏది ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

‘పాపకి పదేళ్లు, మంచి ఫాంటసీ నవల ఏదైనా చెప్పండి’ అని ఎవరైనా అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పేయడం తేలిక. ఆ పేరు చాలాసార్లు గురి తప్పుతుంది. పదేళ్లు అన్న ఒక్క ముక్కతో ఆ పాప ఏ భయానికి దుప్పటి ముసుగు పెడుతుందో, ఏ భయాన్ని కావాలని వెతుక్కుంటుందో, రోజుకు ఎన్ని పేజీలు లాగగలదో మనకేం తెలియదు. ఎంత మంచి నవలైనా ఇవి చూసుకోకుండా ఇస్తే ఇరవయ్యో పేజీ దగ్గర బోర్లా పడుకుంటుంది.

చూసుకోవాల్సినవి నాలుగు: ఉత్కంఠ ఏ రకం, మాయ ఏ రకం, భయం ఎంత మోతాదు, పుస్తకం ఎంత నిడివి. మొదటి పుస్తకంలో నాలుగూ పిల్లకి అలవాటున్నట్టే ఉండాలి. రెండో పుస్తకం నుంచి నాలుగింటిలో ఒక్కటి మార్చండి. రెండు ఒకేసారి మార్చారా, పిల్ల ఎందుకు వదిలేసిందో మీకు ఎప్పటికీ తెలియదు. కింద రాసిన పద్ధతంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

మొదట అడగండి, కానీ ఇష్టాల గురించి వద్దు

‘నీకు ఎలాంటి పుస్తకాలంటే ఇష్టం?’ అని అడిగితే పిల్లలు పెద్దవాళ్లకు నచ్చే జవాబు వెతుకుతారు, లేదా ‘ఏమో’ అంటారు. బదులుగా జరిగినదాని గురించి అడగండి. ‘ఈ మధ్య ఏ కథ మధ్యలో ఆపలేకపోయావు?’ సినిమా, కార్టూన్, వీడియో గేమ్, ఎవరో చెప్పిన దెయ్యం కథ, ఏదైనా లెక్కే. జవాబు రాగానే ‘అందులో ఏ చోట?’ అనండి. అసలు సమాచారం ఈ రెండో ప్రశ్నలోనే దొరుకుతుంది. ఒకే సినిమా చూసిన ఇద్దరిలో ఒకరు ‘ఆ తలుపు వెనక ఏముందో తెలియనప్పుడు’ అంటారు, ఇంకొకరు ‘వాళ్లు బ్రిడ్జి మీద పరిగెత్తేటప్పుడు’ అంటారు. వాళ్లకు ఇవ్వాల్సిన నవలలు వేరు.

తర్వాత ‘ఏ పుస్తకం మధ్యలో వదిలేశావు? ఎక్కడ?’ అని అడగండి. తిట్టినట్టు వినిపించకూడదు, వదిలేయడం మామూలే అన్న గొంతుతో అడగాలి. మొదటి పది పేజీల్లోనే వదిలేస్తే భాష కష్టమై ఉంటుంది, లేదా ఆరంభం మరీ నెమ్మదిగా సాగి ఉంటుంది. సగంలో వదిలేస్తే నిడివి ఎక్కువై ఉంటుంది. చివరికొచ్చాక వదిలేస్తే భయపడి ఉండే అవకాశం ఉంది. ఆ మాట పిల్లలు పైకి చెప్పరు, ‘బోర్ కొట్టింది’ అంటారు.

ఇంకొక్కటి గమనించండి. తెర మీద విలన్ తలుపు చాటున దాక్కున్నాడు, హీరోకి తెలియదు. అప్పుడు పిల్లవాడు ‘వెనక్కి చూడు!’ అని అరుస్తాడా, కళ్లు మూసుకుంటాడా? అరిచేవాడికి మనకు తెలిసి, పాత్రకు తెలియని ఉత్కంఠ పండగ. కళ్లు మూసుకునేవాడికి పాత్రకు తెలిసిందే తనకూ తెలిసే కథ ఇవ్వాలి. అలాంటివాడికి ‘నేను’ అని చెప్పుకునే కథలు తరచుగా కుదురుతాయి. చెప్పేవాడు బతికి బయటపడ్డాడన్న భరోసా ఆ ‘నేను’లోనే కాస్త ఉంటుంది.

చదివే వేగం కొలవండి

పిల్లకి తెలిసిన సులువైన పుస్తకం ఇచ్చి 5 నిమిషాలు మౌనంగా చదవమనండి. ఎన్ని పేజీలు అయ్యాయో చూడండి. దాన్ని 4తో గుణిస్తే 20 నిమిషాల లెక్క వస్తుంది. చాలామంది పిల్లలు రోజూ కూర్చోగలిగేది దాదాపు అంతే. 5 నిమిషాల్లో రెండున్నర పేజీలు చదివితే రోజుకు 10 పేజీలు. 300 పేజీల నవల నెల రోజులు పడుతుంది.

నెల రోజులు సస్పెన్స్‌కి చాలా ఎక్కువ. మూడో అధ్యాయంలో రచయిత దాచిపెట్టిన ఆధారం ఇరవయ్యో అధ్యాయంలో బయటపడేసరికి పిల్లకి అది గుర్తుండదు. ముడి విప్పినప్పుడు కలగాల్సిన ‘ఓహ్, అదా!’ కలగదు. అందుకే మొదటి సస్పెన్స్ నవల రెండు వారాల్లో పూర్తయ్యేలా ఉండాలి. రోజుకు 10 పేజీలు చదివే పిల్లకి 140 పేజీలు దాటనివ్వకండి.

తెలుగు పుస్తకానికీ ఇంగ్లీషు పుస్తకానికీ ఈ లెక్క వేర్వేరుగా తీయాలి. పదాలు లెక్కపెడితే మోసపోతారు. ‘వెళ్లలేకపోతున్నానన్నాడు’ తెలుగులో ఒకే పదం, ఇంగ్లీషులో అదే సంగతి ఆరేడు పదాలు. పేజీలే నమ్మండి. అక్షరాల సైజు కూడా చూడండి. చిన్న అచ్చులో 140 పేజీలు పెద్ద అచ్చులో 200 దాటవచ్చు.

పుస్తకం కష్టమా సులువా తేల్చడానికి లైబ్రరీల్లో, బడుల్లో వాడే ఐదు వేళ్ల పరీక్ష చాలు. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి. అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. ఒకటీ అరా అయితే సులువు. రెండు మూడు అయితే సరిపోయింది. ఐదూ ముడుచుకుపోతే ఆ పుస్తకాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి, లేదా మీరు పైకి చదివి వినిపించండి. ఫాంటసీలో ఒక సవరణ అవసరం: రచయిత కల్పించిన ఊర్ల పేర్లు, జీవుల పేర్లు, మంత్రాలు లెక్కలోకి రావు. అవి ఎవరికీ తెలియవు, తెలియకపోవడంలోనే సగం సరదా ఉంది.

ఉత్కంఠను పేరు పెట్టి గుర్తించండి

‘ఎవరు చేశారు?’ అన్నది ఒక రకం. వాదించే పిల్లలకు, పొడుపుకథలు అడిగే పిల్లలకు ఇది సరిగ్గా సరిపోతుంది. దీనికి హత్య అక్కర్లేదు, దెయ్యం అక్కర్లేదు. ఎరిష్ కెస్ట్‌నర్ 1929లో రాసిన ‘ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్’లో పోయింది కాస్త డబ్బు. రైల్లో ఒంటరిగా వెళ్తున్న పిల్లాడు కోటు లోపలి జేబులో సూదితో గుచ్చి మరీ దాచుకున్న డబ్బు, నిద్రలేచేసరికి ఉండదు. పిల్లలకు ఆ దడ చాలు. పోయింది అమ్మ కష్టపడి కూడబెట్టిన డబ్బని వాళ్లకు తెలుసు.

‘తప్పించుకుంటారా?’ అన్నది పరుగు రకం. అధ్యాయాలు పొట్టిగా, 6 నుంచి 8 పేజీల్లో ముగిసేవి చూడండి. కదలకుండా కూర్చోలేని పిల్లలకు ఇదే మందు.

మూడోది ‘ఇక్కడేదో తేడాగా ఉంది’. నిన్న మూసి ఉన్న కిటికీ ఇవాళ తెరిచి ఉంటుంది, ఫొటోలో ఒక మనిషి ఎక్కువగా కనిపిస్తాడు. సంఘటనలు తక్కువ, వాతావరణం ఎక్కువ. బాగా చదివే అలవాటున్న పిల్లలు దీన్ని ప్రాణంగా చూసుకుంటారు. కొత్తవాళ్లకు మాత్రం ‘ఏమీ జరగట్లేదు’ అనిపిస్తుంది. మొదటి పుస్తకంగా ఇవ్వకండి.

నాలుగో రకం ‘పెద్దవాళ్లు నా దగ్గర ఏం దాస్తున్నారు?’. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి దాదాపు అందరినీ ఇది పట్టుకుంటుంది. కారణం వివరించక్కర్లేదు, ఆ వయసులో ఇంట్లో వాళ్లు అడిగే ప్రశ్నా ఇదే.

మాయకు నియమాలున్నాయా చూడండి

మాయల నవలల్లో పిల్లలు జారిపడే చోటు మొదటి ముప్పై పేజీలు. కొత్త లోకం, కొత్త పేర్లు, కొత్త నియమాలు ఒక్కసారి మీద పడతాయి. కాబట్టి కథ ఎక్కడ మొదలవుతుందో చూసి ఎంచండి. మామూలు ఇంట్లో మొదలై, ఒక తలుపు గుండానో నీడ గుండానో వేరే లోకంలోకి వెళ్లే కథలు కొత్తవాళ్లకు అన్నిటికన్నా సులువు, ఎందుకంటే ఆ లోకం గురించి పాత్రకూ ఏమీ తెలియదు, ఇద్దరూ కలిసే నేర్చుకుంటారు. మన లోకంలోకే ఒక మాయ వస్తువు వచ్చిపడే కథలు తర్వాతి మెట్టు. మొదటి పేజీ నుంచీ పూర్తిగా వేరే లోకంలో నడిచేవి, ముందు మ్యాపు, వెనక వంశవృక్షం ఉన్నవి, ఇంకా తర్వాత. మొదటి 10 పేజీల్లో కొత్త పేర్లు లెక్కపెట్టండి. 8 దాటితే మాయల కథలకు కొత్తైన పిల్లకి అది తొందరే.

రెండు లోకాల మధ్య తికమకపడే పిల్లలకు అచ్చు కూడా సాయం చేస్తుంది. మిఖాయెల్ ఎండె రాసిన ‘ద నెవరెండింగ్ స్టోరీ’ (1979) రెండు రంగుల సిరాతో అచ్చయింది. మన లోకం ఒక రంగులో, మాయాలోకం ఇంకో రంగులో. 26 అధ్యాయాలు, ఒక్కోటి అక్షరమాలలో ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. ఇలాంటి పుస్తకం ఇచ్చేటప్పుడు రంగులున్న ఎడిషన్ వెతకండి, నల్ల సిరా ఎడిషన్‌లో ఆ చెయ్యూత పోతుంది.

ఇక నియమాల సంగతి. ‘మరి ఆ మంత్రం ముందే ఎందుకు వాడలేదు?’ అని అడిగే పిల్లలు కొందరుంటారు. వాళ్లు అల్లరి చేయడం లేదు, రచయితకు సరైన పరీక్ష పెడుతున్నారు. వాళ్లకిచ్చే నవలలో మాయ ఏం చేయలేదో మొదటి మూడో వంతులోనే తేలిపోవాలి: ముగ్గురికే పనిచేస్తుంది, వాడినవాడికి ఏదో ఒకటి పోతుంది, సూర్యుడు ఉండగా పనిచేయదు, ఇలా ఏదో ఒకటి. ఆ హద్దు చెప్పకుండా చివర్లో కొత్త మంత్రంతో అంతా సర్దేసే కథ ఈ పిల్లల్ని కోపం తెప్పించేంతగా నిరాశపరుస్తుంది. కలలా జారిపోయే మాయ, నియమాలే లేని మాయ ఇంకో తరహా పిల్లలకు నచ్చుతుంది. బొమ్మలు గీసేవాళ్లు, తమలో తాము మాట్లాడుకుంటూ ఆడుకునేవాళ్లు చాలావరకు ఈ వైపు.

భయం మోతాదు: చదవని పుస్తకాన్ని 40 నిమిషాల్లో పరీక్షించడం

సిఫారసు చేసే ప్రతి పుస్తకం మొత్తం చదవడం కుదరదు. అట్ట వెనక రాసింది చదివి ఇచ్చేయడం మాత్రం ప్రమాదం. మొదటి అధ్యాయం పూర్తిగా చదవండి. తర్వాత మూడో వంతు దగ్గర ఒక అధ్యాయం. ఆ తర్వాత ముప్పావు దగ్గర ఒక అధ్యాయం. పిల్లల నవలల్లో అన్నిటికన్నా చీకటి ఘట్టం సాధారణంగా అక్కడే ఉంటుంది. చివరి రెండు అధ్యాయాలు. మొత్తం 40 నిమిషాలు చాలు.

చదివేటప్పుడు చూడాల్సినవి: ఎవరైనా చనిపోతారా, కథలో పెంపుడు జంతువు ఉంటే అది బతుకుతుందా (మనుషుల చావు కన్నా కుక్క చావుకు వెక్కి వెక్కి ఏడ్చే పిల్లలు ఎక్కువ), రక్తం వర్ణన ఉందా లేక సూచనగా ఉందా, నమ్మదగ్గ పెద్ద మనిషి కథలో ఒక్కరైనా ఉన్నారా. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. పెద్దవాళ్లంతా మోసగాళ్లే అయిన కథ తొమ్మిదేళ్లవాళ్లను రాక్షసుడికన్నా ఎక్కువ కలవరపెడుతుంది.

తర్వాత ప్రతి అధ్యాయం చివరి పేరా మాత్రం తిరగేయండి. అన్నీ ఆపద అంచున ఆగుతున్నాయా, కొన్నైనా ఊపిరి పీల్చుకోనిస్తున్నాయా? అన్నీ అంచునే ఆగే పుస్తకాన్ని సున్నితమైన పిల్లకి ఇస్తే ఒక చిట్కా కూడా చెప్పి ఇవ్వండి: అధ్యాయం చివర ఆపొద్దు, అధ్యాయం మధ్యలో ఆపు. కొత్త అధ్యాయంలో రెండు మూడు పేజీలు చదివేసరికి ఆపద తాత్కాలికంగా తీరుతుంది, అక్కడ బుక్‌మార్క్ పెట్టి పడుకోవచ్చు. రాత్రి నిద్రపట్టని ఇబ్బంది చాలావరకు ఇంతటితోనే తీరుతుంది.

ఈ తరహా నవలల్లో అమ్మానాన్నలు మొదటి అధ్యాయంలోనే చనిపోవడమో, దూరమవడమో సర్వసాధారణం. వాళ్లు పక్కనుంటే పిల్లలు అర్ధరాత్రి అడవిలోకి వెళ్లలేరు కదా, కథ నడవదు. ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లకి ఇచ్చే ముందు పెంచుతున్నవాళ్లను చాటుగా ఒక మాట అడగండి. పుస్తకం ఇవ్వకూడదని నియమం పెట్టుకోవద్దు; కొందరికి అలాంటి కథే తోడవుతుంది. పిల్లకి మాత్రం దాచకుండా చెప్పండి: ‘ఇందులో మొదట్లో ఒక అబ్బాయి వాళ్ల అమ్మ చనిపోతుంది. చదవాలనిపిస్తే చదువు, వద్దనిపిస్తే ఇంకోటి ఉంది.’

వయసు విషయంలో ఒక కొండగుర్తు. పిల్లలు తమకన్నా రెండు మూడేళ్లు పెద్ద పాత్ర గురించి చదవడానికి ఇష్టపడతారు, తమకన్నా చిన్న పాత్ర అంటే మొహం తిప్పుకుంటారు. పన్నెండేళ్ల అబ్బాయికి తొమ్మిదేళ్ల హీరో ఉన్న నవల ఇస్తే కథ ఎంత బాగున్నా మొదటి పేజీలోనే అవమానంగా అనిపిస్తుంది.

అదే పుస్తకమా, దాని ముక్కా?

ప్రసిద్ధ నవలలకు సంక్షిప్త ప్రతులు ఎక్కువ. సస్పెన్స్‌కీ మాయకీ ఇవి పనికిరావు. సంఘటనలు ఉంచి వాతావరణం కోసేస్తారు. భయం పుట్టేదీ ఆశ్చర్యం పుట్టేదీ ఆ వాతావరణంలోనే. కాపీరైట్ పేజీలో ‘సంక్షిప్తం’ అని ఉందేమో చూడండి. లేకపోయినా అధ్యాయాలు లెక్కపెట్టండి: ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ (1865)కి 12, ‘ద హాబిట్’ (1937)కి 19. తక్కువ కనిపిస్తే కోసిందే. నిడివి భయపెడుతుంటే పెద్ద నవల కోసిన ముక్క కన్నా మొదటి నుంచీ చిన్నగా రాసిన నవల మేలు.

అనువాదమైతే సంభాషణలున్న ఒక పేజీ పైకి చదవండి. పిల్లలు నోటితో అనే మాటల్లా వినిపిస్తే సరే. ‘నేను అత్యంత భయభీతుడనై ఉన్నాను’ అని పదేళ్ల పాత్ర అంటుంటే ఉత్కంఠ అక్కడే చచ్చిపోతుంది.

చదివే ఓపిక తక్కువున్నవాళ్లకు భాగాలుగా రాసిన కథలు మంచి దారి. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’ లాంటివి నెలనెలా భాగాలుగా వచ్చినవి. నెల్లాళ్లు ఎదురుచూసేలా చేయడానికి రాసిన కథలు కనుక, ఒక్క కూర్చోవడంలో అయిపోయే కొలతలో, ముందు ఏమవుతుందోనన్న దిగులుతో ఆగుతాయి. పుస్తకంగా చదివినా ఆ కొలత పోదు. రోజుకు ఒక్క భాగం అని పెట్టుకోవచ్చు.

చెప్పడం: మూడు వాక్యాలు, అంతే

ఇక్కడే ఎక్కువమంది పాడుచేస్తారు. పుస్తకం గురించి తెలిసిందంతా చెప్పేస్తారు, లేదా పొగిడేస్తారు. మూడు వాక్యాలు సిద్ధం చేసుకోండి. ఎవరు, ఎక్కడ, ఏ వింత. పుస్తకంలో మొదటి పదో వంతు దాటి ఒక్క సంగతి కూడా చెప్పకూడదు. అట్ట వెనక సారాంశం చదివి వినిపించకండి, అది తరచుగా సగం కథ చెప్పేస్తుంది.

‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’ (1950) తీసుకుందాం. ‘మంచికీ చెడుకీ మధ్య జరిగే గొప్ప పోరాటం, తప్పకుండా చదవాల్సిన క్లాసిక్’ అంటే పిల్లకి ఏమీ కనబడదు. ఇలా చెప్పి చూడండి:

‘యుద్ధం జరుగుతోందని నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లను దూరంగా ఒక పెద్ద పాత ఇంటికి పంపించేస్తారు. వాన పడుతోందని ఇల్లంతా తిరుగుతుంటే ఒక గదిలో బీరువా ఒక్కటే ఉంటుంది, ఇంకేమీ ఉండదు. అందరికన్నా చిన్నమ్మాయి లోపలికి దూరి, కోట్ల మధ్య నుంచి చెయ్యి చాపుకుంటూ నడుస్తుంటే వెనక చెక్క ఎంతకీ తగలదు, కాళ్ల కింద ఏదో కరకరమంటుంది.’

ఆగిపోండి. ‘ఏంటది?’ అని అడిగితే పుస్తకం చేతికివ్వండి. ఈ మూడు వాక్యాల్లో విశేషణాలు దాదాపు లేవు, పొగడ్త లేదు, ఉన్నదల్లా చేతికీ కాలికీ తగిలేవి. ఏ పుస్తకానికైనా మొదటి అధ్యాయంలోంచి ఇలాంటిది ఒకటి ఏరుకోవచ్చు. దొరకలేదంటే ఆ పుస్తకం ఆరంభం నెమ్మదైనదని అర్థం. అది మొదటి సిఫారసుకు తగదు.

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. ‘నీకు తప్పకుండా నచ్చుతుంది’ అంటే నచ్చకపోతే తన తప్పేమో అనుకుంటుంది. ‘చదివితే భాష బాగుపడుతుంది’ అన్నారంటే నవల పాఠమైపోయినట్టే. ‘చివర్లో పెద్ద మలుపు ఉంది’ అనడం కూడా చెప్పేయడమే, పిల్ల ప్రతి పేజీలో మలుపు కోసం చూస్తూ కథ వదిలేస్తుంది. భయం గురించి సూటిగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు. ‘దెయ్యం ఉందా?’ అంటే ఉంటే ఉందనే చెప్పండి. ఒక్కసారి మోసపోయిన పిల్ల మీ సిఫారసు మళ్లీ వినదు.

ఇచ్చేటప్పుడు మూడు పుస్తకాలు

ఒక్కటే ఇస్తే ఆజ్ఞలా ఉంటుంది, పది ఇస్తే ఏదీ తీసుకోరు. మూడు పెట్టండి: నాలుగు లెక్కలూ సరిపోయినది ఒకటి, ఒక లెక్క కొంచెం ఎక్కువున్నది ఒకటి, పూర్తిగా వేరే దారిలోది ఒకటి. మూడిట్లో ఒకటైనా పల్చగా ఉండాలి. ఒక్కోదానికి మూడు వాక్యాలు చెప్పి, ‘మొదటి పేజీ చదివి చూసుకో’ అని అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి. పక్కన నిలబడి మొహంలోకి చూస్తుంటే ఎవరూ నిజంగా చదవలేరు.

అట్ట బొమ్మ చూసి ఎంచుకుంటే ఎంచుకోనివ్వండి. పదమూడేళ్లవాళ్లు చిన్నపిల్లల బొమ్మలున్న అట్టను నలుగురిలో పట్టుకోరు. లోపల ఎంత గొప్ప కథ ఉన్నా అంతే. అలాంటప్పుడు అదే నవల వేరే అట్టతో దొరుకుతుందేమో చూడాలి, లేదా కాగితం చుట్టి ఇవ్వాలి.

ఎటూ తేల్చుకోని పిల్లకి మొదటి అధ్యాయం మీరే పైకి చదవండి. 15 నిమిషాలు చాలు. గొంతులు మార్చనక్కర్లేదు, తొందర పడకుండా చదివితే చాలు. అధ్యాయం ముగియడానికి అర పేజీ ముందు ఆపి, పుస్తకం తెరిచిన పేజీ మీదే బోర్లించి వదిలి వెళ్లండి. ఇందాక భయపడే పిల్లకి చెప్పిన చిట్కాకు ఇది తలకిందులు: అక్కడ నిద్ర కోసం ఆపద దాటాక ఆపాం, ఇక్కడ ఆసక్తి కోసం ఆపదకు ముందే ఆపుతున్నాం. ఏ పిల్లకి ఏది అన్నది మీరు చూసుకోవాలి.

ఎక్కడ చెడుతుంది, ఏం చేయాలి

పేర్లు కలగాపులగమైతే గట్టి కాగితాన్ని 5 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు కత్తిరించి బుక్‌మార్క్‌గా ఇవ్వండి. కొత్త పాత్ర వచ్చినప్పుడు పేరు, పక్కన ఒక్క ముక్క రాసుకోవాలి: ‘గడియారాలు బాగుచేసే తాత’, ‘అబద్ధాలు చెప్తుంది’. అనుమానితుల జాబితా అదే తయారవుతుంది కనుక సస్పెన్స్ నవలకు ఇది రెండింతలు పనికొస్తుంది. మీరు రాసివ్వకండి, పిల్ల చేతే రాయించండి.

ముందుమాట దగ్గరే ఆగిపోతే దాన్ని దాటేసి మొదటి అధ్యాయానికి వెళ్లమనండి. వెయ్యేళ్ల కిందటి యుద్ధంతో మొదలయ్యే ముందుమాటలు చాలావరకు ఇరవై ముప్పై పేజీలు చదివాక వెనక్కి వచ్చి చూస్తేనే అర్థమవుతాయి. 30 పేజీలు లేదా మూడు అధ్యాయాలు, ఏది ముందైతే అది, అంతవరకు పట్టకపోతే వదిలేసే హక్కు పిల్లకి ఉంది. ఆ మాట పుస్తకం ఇచ్చేటప్పుడే చెప్పాలి. వదిలేయొచ్చని తెలిసినవాళ్లే ధైర్యంగా మొదలుపెడతారు.

భయపడితే పుస్తకం లాక్కోకండి. ఆ ఘట్టం పిల్ల బుర్రలో సగంలో ఆగిపోయి ఉంటుంది, లాక్కుంటే అది ఎప్పటికీ తీరదు. పగటిపూట, పక్కన కూర్చుని, ఆ ఘట్టం ముగిసేదాకా కలిసి చదవండి. ‘చివరికి బతుకుతాడా?’ అని అడిగితే నిజం చెప్పండి. ముగింపు తెలిస్తే తప్ప ముందుకు వెళ్లలేని పిల్లలు ఉంటారు. చివరి పేజీ ముందే చదువుకుంటామంటే చదువుకోనివ్వండి, అది వాళ్లకు చేతికర్ర.

సిరీస్ ఇంకో చిక్కు. మొదటి సంపుటం కథ ముగించకుండా ఆపేస్తే, రెండోది చేతిలో లేకపోతే, పిల్ల కోపమంతా మీ మీదే. ఇచ్చేముందు చివరి పేజీ చూసి, కథ తెగకపోతే రెండో సంపుటం కూడా సిద్ధంగా ఉంచండి. పైగా పాత్రతో పాటు వయసు పెరిగే సిరీస్‌లు ఉన్నాయి. హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలు (1997 నుంచి 2007) అలాంటివే: మొదటిదానికి 17 అధ్యాయాలు, ఇంగ్లీషులో సుమారు 77,000 పదాలు, ఐదోదానికి 38 అధ్యాయాలు, సుమారు 2,57,000 పదాలు. నిమిషానికి 125 పదాల చొప్పున రోజూ 20 నిమిషాలు చదివే పిల్లకి మొదటిది నెల రోజులు, ఐదోది మూడు నెలలకు పైన. నాలుగో పుస్తకం నుంచి కథ కూడా బరువెక్కుతుంది. తొమ్మిదేళ్లకు మొదలుపెట్టిన పిల్ల ఏడూ ఒకే ఏడాదిలో చదివేయాలన్న పట్టుదల పెద్దవాళ్లు పెట్టకూడదు. మూడు చదివి ఏడాది ఆగి నాలుగోది అందుకుంటే నష్టమేమీ లేదు.

తర్వాతి పుస్తకం

వారం తర్వాత ‘ఎక్కడిదాకా వచ్చావు? ఇప్పుడు వాళ్లు ఏ ఆపదలో ఉన్నారు?’ అని అడగండి. ‘పూర్తయిందా?’, ‘అర్థమైందా?’ అన్నవి పరీక్షలు. పిల్ల జవాబు ఒక నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకోండి: పుస్తకం పేరు, ఎన్నో పేజీ, అన్న మాట యథాతథంగా. ‘ఆ ముసలావిడే అని నాకు ముందే తెలుసు’ అన్న ఒక్క మాటతో తర్వాత ఏమివ్వాలో తేలిపోతుంది: అదే రకం, ముడి ఇంకొంచెం గట్టిది.

ఇప్పుడు ఒక్కటే మార్చండి. దొంగను పట్టుకునే కథ నచ్చినవాడికి అదే నిడివిలో, అదే మోతాదు భయంతో, దొంగతనం ఒక మాయ వస్తువుదైన కథ ఇవ్వండి. అదీ నచ్చితే తర్వాతిది అదే తరహా మాయతో, కానీ యాభై పేజీలు ఎక్కువ. బీరువా గుండా వెళ్లిన కథ నచ్చిన పాపకి అదే తరహా మాయ ఉంచి, భయాన్ని ఒక మెట్టు పెంచండి. ఎక్కడైనా వదిలేస్తే ఆ చివర మార్చినదే కారణం, ఒక మెట్టు దిగి అదే ఎత్తులో ఇంకో పుస్తకం ఇవ్వండి. కొందరు చదివిందే మళ్లీ అడుగుతారు. ఇవ్వండి. ముడి తెలిసిపోయాక రెండోసారి చదివేటప్పుడు రచయిత ఆధారాలు ఎక్కడెక్కడ దాచాడో వెతుకుతారు. అప్పుడు ఒక పెన్సిల్ కూడా చేతికిచ్చి, దొరికిన చోటల్లా అంచున చిన్న చుక్క పెట్టమనండి. లైబ్రరీ పుస్తకమైతే పెన్సిల్ బదులు సన్నగా కత్తిరించిన కాగితం ముక్కలు ఇవ్వండి.